లియాజ్-677: ఇరవై ఏడేళ్లు తయారైన సోవియట్ సిటీ బస్సు

పాతబస్సుల శ్రీను (బెజవాడ):
అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఇంట్లో అట్టముక్కలతో ఒక బస్సు బొమ్మ కడుతున్నాను. మన రోడ్ల మీద ఎప్పుడూ తిరగని బండి. పేరు లియాజ్-677. మాస్కోకి తూర్పున, వంద కిలోమీటర్ల లోపే ఉన్న లికినో-దుల్యోవో అనే చిన్న పట్నంలో తయారైంది. కొలతల కోసం మొదలుపెట్టి దాని చరిత్రలో పడిపోయాను. ఇక్కడ బస్సుల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి తెలుసుకున్నదంతా రాస్తాను. తెలిసినవాళ్లు కలపండి.

ముందు బండి సంగతి. పొడవు దాదాపు పదిన్నర మీటర్లు. సీట్లు 25, నిలబడేవాళ్లతో కలిపి 110 మంది దాకా పడతారు. వెడల్పాటి తలుపులు రెండు. 1967లో తయారీ మొదలై 1994 దాకా సాగింది. మొత్తం దాదాపు 1,94,000 బండ్లు. అంటే సగటున ఏడాదికి ఏడు వేలు.

నన్ను కట్టిపడేసింది లెక్క కాదు. ఆ దేశంలో పెద్ద ఎత్తున తయారైన సిటీ బస్సుల్లో ఆటోమేటిక్ గేర్లు పెట్టిన మొదటి బండి ఇదే. డ్రైవరు క్లచ్ తొక్కక్కర్లేదు. పవర్ స్టీరింగు ఉంది. కింద గాలి బెలూన్లు ఉన్నాయి. జనం ఎంత ఎక్కినా గాలి సర్దుకుని మెట్టు ఎత్తు దాదాపు ఒకేలా ఉంటుంది. ఖాళీ బండిలోకి ముసలావిడ ఎంత ఎత్తు కాలెత్తాలో, కిక్కిరిసిన బండిలోకీ అంతే. 1967లో ఇదంతా ఆలోచించినవాళ్ల మీద నాకు చాలా గౌరవం ఉంది.

డిపో సత్యం (రాజమండ్రి):
శ్రీనూ, మంచి పని మొదలెట్టావు నాయనా. ముప్పై మూడేళ్లు కమాన్ కట్టల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. ఆ కాలంలోనే బెలూన్లంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది. గేర్‌బాక్స్ ఎవరిది? ఎన్ని గేర్లు?

పాతబస్సుల శ్రీను:
రెండే గేర్లు బాబాయ్. ముందు టార్క్ కన్వర్టర్, వెనక రెండు గేర్ల పెట్టె. మాస్కోలోని నామి అనే మోటారు పరిశోధన సంస్థ, ల్వీవ్‌లోని లాజ్ బస్సు ఫ్యాక్టరీ కలిసి తయారుచేశాయి. వివరంగా నువ్వే చెబితే అందరికీ అర్థమవుతుంది.

డిపో సత్యం:
చెబుతాను. కుండలో మజ్జిగ చిలుకుతున్నారు. అదే కుండలో కవ్వానికి తగలకుండా ఇంకో గరిటె వేలాడదీశారు. కవ్వం తిప్పితే మజ్జిగ తిరుగుతుంది, మజ్జిగతో పాటు గరిటే తిరుగుతుంది. కవ్వం ఇంజనుది, గరిటె చక్రాలది, మజ్జిగ బదులు నూనె. ఇనుముకి ఇనుము తగలదు కాబట్టి బండి ఆగినా ఇంజను ఆగిపోదు. డ్రైవరు బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, బండి మెత్తగా కదులుతుంది. ఈ రెంటి మధ్యా దారి మళ్లించే రెక్కలు ఇంకొన్ని ఉంటాయి. వాటివల్లే బరువు మీద బయల్దేరేటప్పుడు లాగే బలం పెరుగుతుంది. అందుకే రెండు గేర్లతో సరిపెట్టుకున్నారు.

సిటీ డ్రైవరు ఒక డ్యూటీలో క్లచ్ ఎన్ని వందల సార్లు తొక్కుతాడో ఎవరైనా లెక్కపెట్టారా? మా డిపోలో యాభై దాటేసరికి ఎడమ మోకాలు పట్టుకుని దిగేవాళ్లు ఎంతమందో. ఆ ఒక్క పెడల్ తీసేసినందుకే ఈ బండి చేసినవాళ్లకి దండం పెట్టొచ్చు.

అయితే ఒకటి ఉంది. ఆ నూనె చిలకడంలో ఇంజను శక్తి కొంత వేడిగా పోతుంది. ఆ వేడికి వెల కట్టేది ట్యాంకులోంచే. ఎన్ని లీటర్లు తాగేది?

పాతబస్సుల శ్రీను:
వంద కిలోమీటర్లకి 50 లీటర్ల చుట్టూ. అదీ పెట్రోలు.

ఓరుగల్లు నరేష్:
అన్నా, గదంతా మంచిగనే ఉంది గని, 50 లీటర్ల పెట్రోలా! అంటే లీటరుకు రెండు కిలోమీటర్లు. మా బాపు ఆర్టీసీల కండక్టరు. కేఎంపీఎల్ పావు పాయింటు తగ్గినా డ్రైవర్లను పిలిచి అడిగేటోళ్లని చెప్తడు. గంత తాగే బండిని రెండు లక్షల దాకా చేసుడేంది? డీజిల్ పెట్టకపోయిండ్రా? గిది మంచి బండి ఎట్లయితదో నాకైతే సమజ్ అయితలేదు.

పాతబస్సుల శ్రీను:
నరేష్ తమ్ముడూ, అసలు కథ అంతా నీ ప్రశ్నలోనే ఉంది. దానికి జవాబు చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

యుద్ధానికి ముందు మాస్కోలో జిస్ అనే ట్రక్కు ఫ్యాక్టరీ బస్సులూ చేసేది. 1938లో వచ్చిన జిస్-16 గుండ్రటి ముక్కుతో చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. కానీ రేకు కింద ఉన్నది చెక్క చట్రం, దాని కింద ట్రక్కు ఛాసిస్. యుద్ధంలో ఆ బస్సుల్ని అంబులెన్సులుగా వాడారు.

యుద్ధం ముగిసీ ముగియగానే వాళ్లు ఒక్కసారిగా పెద్ద దూకు దూకారు. 1946లో జిస్-154 తయారైంది. ఛాసిస్ లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. అదే బాడీ పద్ధతిలో తుషినోలోని విమానాల ఫ్యాక్టరీ ట్రాలీబస్సులు, ట్రాములు కూడా కట్టింది. ఇంజను వెనక్కి వెళ్లింది, అది డీజిల్. పైగా గేర్‌బాక్సే లేదు. డీజిల్ ఇంజను జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటారు చక్రాలని తిప్పుతుంది. మన కాజీపేట షెడ్డులో ఒకప్పుడున్న డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజను నడిచిన పద్ధతే ఒక సిటీ బస్సులో! 1947లో మాస్కో నగరం 800 ఏళ్ల పండగకి ఈ బస్సుల్ని రోడ్డెక్కించారు.

పండగ అయిపోయాక కష్టాలు మొదలయ్యాయి. ఆ ఇంజను, యాజ్-204, అమెరికాలోని జీఎంసీ టూ-స్ట్రోక్ డీజిల్‌ని చూసి చేసినది. యారొస్లావ్ల్‌లో దాని తయారీ ఇంకా కుదుటపడలేదు. విపరీతమైన పొగ, చప్పుడు, మాటిమాటికీ మరమ్మతు. కరెంటు సరంజామా తెలిసిన మెకానిక్కులు డిపోల్లో లేరు. 1950కల్లా 1,160 పైచిలుకు బండ్లతో ఆపేశారు.

ఆ దెబ్బ తర్వాత అంతా వెనక్కి వచ్చింది. 1949లో మొదలైన జిస్-155 దాని కన్నా చిన్న బండి. ముందువైపు ట్రక్కు పెట్రోలు ఇంజను, మామూలు క్లచ్, మామూలు గేర్లు. దాన్ని నడపడం, బాగుచేయడం అందరికీ వచ్చు. దానికి పెద్ద తమ్ముడిగా 1957లో జిల్-158 వచ్చింది (జిస్ ఫ్యాక్టరీకే పేరు మారి జిల్ అయింది). దాదాపు 60 మంది పట్టే బండి, ఇంజను 109 హార్స్ పవర్. నగరాలేమో పెరిగిపోతున్నాయి. కొత్త అపార్టుమెంట్ల కాలనీలు ఊరి చివర లేస్తున్నాయి, పొద్దున్నే అక్కణ్ణుంచి వేల మంది మెట్రో స్టేషన్‌కి రావాలి. 60 మంది బండి చాలలేదు.

కాబట్టి 1960లు మొదలయ్యేసరికి వాళ్ల ముందున్నది ఇదీ: 110 మందిని లాగే బలం కావాలి, బస్సుకి సరిపోయే డీజిల్ ఇంజను చేతిలో లేదు. ఉన్న యారొస్లావ్ల్ డీజిళ్లు బరువైనవి, అవీ మాజ్, క్రాజ్ లాంటి పెద్ద ట్రక్కులకి పోతున్నాయి. బలంగా ఉండి దొరికేది ఒక్కటే: ఉరాల్-375 సైనిక ట్రక్కుకి పెట్టే జిల్-375 పెట్రోలు ఇంజను. వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, 7 లీటర్లు, 180 హార్స్ పవర్. అదే ఎత్తి డ్రైవరు పక్కన పెట్టారు. బస్సుని గీసినవాళ్లు మంచి ఇంజనీర్లు. వాళ్లకి ఇచ్చిన ఇంజను మాత్రం అడవుల్లో బురదలో నడిచే ట్రక్కుది.

డిపో సత్యం:
అదీ సంగతి. ఆ ఇంజనుకి ఆ కన్వర్టర్ తగిలిస్తే రెండు కేఎంపీఎల్ రాక ఏమవుతుంది!

ఓరుగల్లు నరేష్:
మంచిగ చెప్పినవన్నా. మొదట్ల డీజిల్ లేకపోయె, ఒప్పుకుంట. కానీ ఇరవై ఏడేండ్లు? కామాజ్ డీజిల్ ట్రక్కులు 1976లనే వచ్చినయి గదా. అప్పుడన్న మార్చొచ్చు.

పాతబస్సుల శ్రీను:
అవును, మొదటి కామాజ్ ట్రక్కు 1976 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. కానీ ఆ డీజిల్ ముందు ట్రక్కులకే పోయింది. లికినోలో పాత బండికి కొత్త ఇంజను పెట్టడం కన్నా కొత్త బస్సే గీద్దామని మొదలుపెట్టారు. అదే లియాజ్-5256. ఇంజను వెనక, కామాజ్ డీజిల్, మూడు తలుపులు. 1970ల చివర్లో మొదలైన ఆ పని 1980ల సగం దాటాక గానీ ఫ్యాక్టరీ దాకా రాలేదు. ఈలోగా నగరాలు బస్సులు ఇవ్వండి, బస్సులు ఇవ్వండి అని అడుగుతూనే ఉన్నాయి. లైను ఆపి కొత్తది పెట్టే తీరిక ఎవరూ ఇవ్వలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. 1967లో అంత ముందుచూపుతో గీసిన బండిని 1987లో కూడా దాదాపు అలాగే బిగిస్తూ పోయారు.

మార్పులే లేవని కాదు. 1978లో 677ఎమ్ వచ్చింది. ముందూ వెనకా దీపాలు, బంపర్లు మారాయి. సైబీరియా చలికి ప్రత్యేకంగా ఒక రకం చేశారు. ఊరి బయటి రూట్లకి సీట్లు ఎక్కువున్న రకం, విమానాశ్రయాల్లో విమానం దాకా తీసుకెళ్లే రకం ఉన్నాయి. 1980ల్లో గ్యాస్‌తో నడిచే 677జి కూడా వచ్చింది. పెట్రోలు దాహానికి వాళ్లు చేయగలిగిన వైద్యం అది.

ఓరుగల్లు నరేష్:
మరి మాస్కో ఫోటోలల్ల ఇకారస్ బండ్లే ఎక్కువ కనవడ్తయి గదా. గవి హంగరీవి. వాటికి డీజిల్ ఉండె.

పాతబస్సుల శ్రీను:
సోషలిస్టు దేశాలన్నీ పని పంచుకున్నాయి తమ్ముడూ. పెద్ద బస్సులు హంగరీ వంతుకి వచ్చాయి. ఇకారస్ 260, 280లకి రాబా-మాన్ డీజిల్ నేల కింద పడుకోబెట్టి ఉంటుంది. జర్మనీ కంపెనీ మాన్ లైసెన్సుతో గ్యోర్ పట్నంలో చేసిన ఇంజను. 280 అయితే మధ్యలో మడత పడే పదహారున్నర మీటర్ల బండి, 1973 నుంచి 2002 దాకా దాదాపు 61,000 చేశారు. ఆ మడతని చూసి రష్యన్లు దాన్ని హార్మోనియం తిత్తి పేరుతో పిలిచేవాళ్లు. అన్ని రకాలూ కలిపి ఇకారస్‌లు ఎక్కువగా కొన్నది సోవియట్ యూనియనే. బయటినుంచి డీజిల్ బస్సు వస్తూ ఉండటం కూడా ఇంట్లో డీజిల్ బస్సు ఆలస్యం కావడానికి ఒక కారణమని నా అభిప్రాయం.

అలాగని 677ని అప్పట్లో ఎవరూ తక్కువగా చూడలేదు. 1972లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో దానికి బంగారు పతకం ఇచ్చారు.

మాస్కో డాక్టరమ్మ:
శ్రీను బాబూ, మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. నేను 1974లో మాస్కో వెళ్లాను, లుముంబా యూనివర్సిటీలో వైద్యం చదివాను. 1981లో తిరిగొచ్చాను. నీకు కావలసిన కొలతలు నా దగ్గర లేవు గానీ ఆ బస్సు చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆగినచోటు నుంచి కదిలేటప్పుడు సంచిలో ఖాళీ సీసాలు ఒకదానికొకటి తగిలినట్టు గలగలమనేది. బస్సు కనబడకముందే మలుపులో ఆ గలగల వినబడేది. మంచులో స్టాపులో నిలబడి ఉంటే ఆ చప్పుడు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను.

టికెట్టు సంగతి చెప్పాలి. కండక్టరు లేడు. బస్సులో ఒక డబ్బా ఉంటుంది, పైన పారదర్శకమైన మూత. అందులో ఐదు కోపెక్కులు వేసి, పక్కనున్న మీట తిప్పి, చుట్టలోంచి టికెట్టు చింపుకోవాలి. ఎవరు వేశారో ఎవరు వేయలేదో అడిగేవాళ్లు లేరు. జనం నిండా ఉంటే డబ్బా దాకా వెళ్లలేం కదా. ముందున్నవాళ్ల భుజం తట్టి నాణెం చేతిలో పెడితే చాలు. ఆరేడు చేతులు మారి డబ్బాలో పడేది. అదే దారిన టికెట్టు మన చేతికి వచ్చేది. మొదటిసారి నాణెం ఇచ్చినప్పుడు నాకు రష్యన్ సరిగా రాదు, తిరిగి వస్తుందా అని గుండె కొట్టుకుంది. వచ్చింది. ఏడేళ్లలో ఒక్కసారి కూడా నా టికెట్టు రాకుండా పోలేదు.

కజాన్ కుర్రాడు:
డాక్టరమ్మగారూ, నేనిప్పుడు కజాన్‌లో మెడిసిన్ నాలుగో ఏడాది. మాది నెల్లూరు. ఇప్పుడు ఇక్కడ కార్డు తాకిస్తే చాలు. మీరు చెప్పిన ఆ నాణేల డబ్బా గురించి మా హాస్టల్ వార్డెన్ బామ్మ కూడా ఇలాగే చెప్పింది.

పోయిన వేసవిలో మాస్కోలో పాత బస్సుల ఊరేగింపు చూశాను. పసుపు రంగు 677 ఒకటి వచ్చింది. సీసాల చప్పుడు నిజం! వీడియో తీశాను, కానీ జనం గోలలో సరిగా వినబడటం లేదు. ఇక్కడి పెద్దవాళ్లు దాన్ని చంద్రుడి మీద తిరిగిన బండి పేరుతో లూనోఖోద్ అంటారు. ఇంకో పేరు పశువుల బండి, అది పొద్దున రద్దీలో ఎక్కినవాళ్లు పెట్టింది.

మాస్కో డాక్టరమ్మ:
సంతోషం నాయనా. బాగా చదువుకో, చలికి జాగ్రత్త.

చలి అంటే గుర్తొచ్చింది. బయట మైనస్ ఇరవై ఐదు ఉన్నా ఆ బస్సులో కొన్ని సీట్లు వెచ్చగా ఉండేవి. ఎందుకో అప్పుడు తెలియదు.

డిపో సత్యం:
ఇంజను ముందుంది కదమ్మా. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను అంటే కుంపటి. దాన్ని చల్లబరిచే నీటి వేడిని గాలికి పట్టించి, ఆ గాలిని లోపలికి పంపితే హీటరు అయిపోయినట్టే.

పాతబస్సుల శ్రీను:
సరిగ్గా అదే పద్ధతి బాబాయ్. తాగిన పెట్రోల్లో కొంత జనానికి వెచ్చదనంగా తిరిగొచ్చేది.

మాస్కో డాక్టరమ్మ:
అయినా అద్దాల మీద మంచు పేరుకునేది. ఎక్కడికొచ్చామో తెలియాలంటే ఐదు కోపెక్కుల నాణెం అరచేతిలో వెచ్చబెట్టి అద్దానికి అద్దేవాళ్లం. గుండ్రంగా ఒక కన్నం పడేది. ఆ కన్నంలోంచే నేను మాస్కోని చూశాను. పిల్లలైతే వెనకవైపు ఖాళీగా ఉండే చోటికి పరిగెత్తేవాళ్లు. బస్సు గుంతలో పడ్డప్పుడు అక్కడ ఉయ్యాల ఊగినట్టు ఉండేది.

డిపో సత్యం:
వెనక ఇరుసు దాటి బయటికి వచ్చిన భాగం ఎక్కువ, పైగా బెలూన్లు. ఊగక మానదు.

లెక్కల మాస్టారు (తెనాలి):
డాక్టరమ్మగారూ, ఆ టికెట్ల నంబర్లలో మొదటి మూడంకెల మొత్తం, చివరి మూడంకెల మొత్తం సమానమైతే అదృష్టం అనేవారట కదా. దాని మీద సోవియట్ గణితం లెక్కలు చాలా ప్రసిద్ధి. నేను పదో తరగతి పిల్లలకి ఇప్పటికీ చెబుతాను.

మాస్కో డాక్టరమ్మ:
అవునవును! చేతికి రాగానే అందరూ కూడేవాళ్లు. కొందరు అదృష్టపు టికెట్టు నమిలి మింగేసేవాళ్లు. నేను పుస్తకంలో పెట్టుకునేదాన్ని.

లెక్కల మాస్టారు:
000000 నుంచి 999999 దాకా ఉన్న పది లక్షల నంబర్లలో అలాంటివి 55,252. అంటే సుమారు పద్దెనిమిది టికెట్లకి ఒకటి. రోజుకి రెండుసార్లు బస్సెక్కేవాళ్లకి తొమ్మిది రోజులకోసారి అదృష్టం పలికేదన్నమాట.

లెక్కపెట్టే కిటుకు చాలా అందమైనది, రాయకుండా ఉండలేను. చివరి మూడంకెల్లో ప్రతిదాన్నీ తొమ్మిదిలోంచి తీసి, వచ్చినది దాని స్థానంలో రాయండి. అప్పుడు చివరి మూడింటి మొత్తం 27 లోంచి పాత మొత్తం తీసినంత అవుతుంది. అదృష్టపు నంబరైతే మొదటి మొత్తం, పాత చివరి మొత్తం ఒకటే కాబట్టి ఆరంకెలూ కలిపితే ఎప్పుడూ 27 వస్తుంది. ఇక ఆరంకెల మొత్తం 27 అయ్యే నంబర్లు ఎన్నో లెక్కపెడితే చాలు.

ఓరుగల్లు నరేష్:
మాస్టారూ, మా క్లాసుల గిట్ల చెప్పెటోళ్లు ఉంటే నేను గూడ లెక్కలల్ల మంచిగ ఉండేటోన్ని.

అన్నా, ఫ్యాక్టరీ సంగతి చెప్పనే లేదు. గా చిన్న ఊళ్లె బస్సులు ఎట్ల మొదలైనయి?

పాతబస్సుల శ్రీను:
ఆ ఫ్యాక్టరీ చెక్కతో మొదలైంది. 1937లో పెట్టినప్పుడు అక్కడ చెక్కని నొక్కి గట్టి పలకలు చేసేవాళ్లు. తర్వాత అడవుల్లో కలప పనికి కావలసిన యంత్రాలు చేశారు. 1959లో మాస్కో జిల్ ఫ్యాక్టరీ ట్రక్కుల మీదే దృష్టి పెట్టాలనుకుని జిల్-158 బస్సుని గీతలతో సహా లికినోకి అప్పగించింది. కలప యంత్రాల పనివాళ్లు బస్సులు బిగించడం నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి తమ సొంత బస్సు నమూనాలు కట్టడం మొదలుపెట్టారు. ఆ నమూనాల్లోంచి వచ్చిందే 677. పాత 158 కూడా 1970 దాకా పక్కనే తయారవుతూ ఉండేది. అప్పగించిన బండితో సరిపెట్టుకోకుండా, ఆ దేశంలో ఏ ఫ్యాక్టరీ పెద్ద ఎత్తున చేయని బస్సుకి ఒక చిన్న ఊరి ఫ్యాక్టరీ పూనుకుంది. ఈ బండి నాకు ఇష్టమవడానికి అదే పెద్ద కారణం.

ఆ పట్నం అంతకుముందే ఇంకో దానికి పేరున్నది. దుల్యోవో పింగాణీ ఫ్యాక్టరీ 1832 నాటిది. ఒకే ఊళ్లో టీ కప్పులూ, బస్సులూ.

మాస్కో డాక్టరమ్మ:
శ్రీను బాబూ, ఒక్క నిమిషం ఆగు. నేను తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్న టీ కప్పులు ఇంకా రెండు మిగిలాయి. ఇప్పుడే అద్దాల బీరువాలోంచి తీసి తిరగేశాను. అడుగున డేగ గుర్తు. దుల్యోవో అని ఉంది.

నలభై ఏళ్లకు పైగా ఆ కప్పులో తాగుతున్నాను. నన్ను కాలేజీకి మోసిన బస్సు, ఈ కప్పు ఒకే ఊరివని ఇవాళ తెలిసింది.

పాతబస్సుల శ్రీను:
డేగ వాళ్ల ఫ్యాక్టరీ గుర్తేనండీ. చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఓరుగల్లు నరేష్:
అన్నా, నేను మొదట్ల బండిని తక్కువ చేసి మాట్లాడిన. ఇంజను మీద నా మాట నాదే, గంత పెట్రోలు తాగుడు మంచిది కాదు. కానీ బండి గీసినోళ్ల తప్పు గాదని ఒప్పుకుంటున్న. గాలి బెలూన్లు పెట్టి మెట్టు ఎత్తు చూసుకున్నరంటే ఎక్కేటోళ్ల గురించి ఎంత ఆలోచించిండ్రో. మా అమ్మమ్మ హన్మకొండల బస్సెక్కాలంటే ఇప్పటికీ నేను చెయ్యి పట్టి గుంజాలె.

డిపో సత్యం:
నేను ఇంకోటి చెబుతాను నరేష్ బాబూ. లక్షల్లో చేసిన బండిలో కొత్త సరుకు పెట్టడం అంటే చిన్న విషయం కాదు. నమూనా బండికి బెలూన్లు పెట్టడం సులువు. వేల ఊళ్లలో, వేల డిపోల్లో, మైనస్ నలభైలో వాటిని బతికించడం కష్టం. గాలిలో చెమ్మ ఉంటే పైపుల్లో గడ్డకడుతుంది. కన్వర్టర్‌లో నూనె చెడితే గేరు పడదు. అవన్నీ నేర్చుకున్న మెకానిక్కుల్ని ఆ ఒక్క బండే తయారుచేసి ఉంటుంది. జిస్-154 దగ్గర లేనిది అదే, నేర్చుకున్న చేతులు. నన్నడిగితే 677 గొప్పతనంలో సగం వాళ్లదే.

పాతబస్సుల శ్రీను:
ఈ మాట నాకు తట్టలేదు బాబాయ్. 1946లో ఒకేసారి అన్నీ కొత్తవి పెట్టారు: బాడీ, డీజిల్, కరెంటు. 677లో ఇంజను అందరికీ తెలిసిన రకం పెట్రోలుది, కొత్తవి గేర్‌బాక్స్, బెలూన్లు మాత్రమే. డిపోలు మోయగలిగినంతే మోపారు. పెట్రోలు ఇంజనుకి ఆ కోణం కూడా ఉందేమో.

కజాన్ కుర్రాడు:
శ్రీను అన్నా, బొమ్మకి ఏ రంగు వేస్తున్నావు? నేను చూసిన పసుపు కాస్త మట్టి కలిసిన పసుపు. పసుపుకొమ్ము అరగదీస్తే వచ్చే రంగుకి దగ్గర.

పాతబస్సుల శ్రీను:
అదే వేస్తాను తమ్ముడూ. లోపలి సీట్లే తేలడం లేదు. ఫోటోలన్నీ నలుపు తెలుపువి.

మాస్కో డాక్టరమ్మ:
నేనెక్కిన వాటిలో ముదురు గోధుమరంగు రెక్సిన్. ఇద్దరిద్దరు కూర్చునే సీట్లు. అంచులు అరిగి నున్నగా ఉండేవి.

ఇంకో సంగతి. మాస్టారి పోస్టు చదివాక పాత అనాటమీ పుస్తకం తీశాను. టికెట్టు ఇంకా ఉంది. కాగితం గోధుమరంగుకి తిరిగింది, నంబరు మాత్రం బాగానే కనిపిస్తోంది: 274391.

లెక్కల మాస్టారు:
రెండు, ఏడు, నాలుగు: పదమూడు. మూడు, తొమ్మిది, ఒకటి: పదమూడు. అదృష్టపుదేనమ్మా.

పాతబస్సుల శ్రీను:
మీరు ఒప్పుకుంటే ఆ నంబరు సన్నటి కాగితం మీద రాసి, చుట్ట చుట్టి, బొమ్మలో టికెట్ల డబ్బాలో పెడతాను. డబ్బా అగ్గిపుల్ల తలకాయ కన్నా కాస్త పెద్దది, అంతే. బయటికి కనబడదు.

మాస్కో డాక్టరమ్మ:
పెట్టు బాబూ. కనబడకపోయినా పర్లేదు.

డిపో సత్యం:
వెనక ఇరుసు దగ్గర మాత్రం అట్ట మూసేయకు శ్రీనూ. బెలూన్లు కనబడాలి.